నిద్ర మానుకుని బరువు తగ్గమంటారు: వినకూడని పది సలహాలు

బరువు తగ్గాలనుకున్న మనిషికి మన దగ్గర సలహాలకు కొదవ లేదు. ఇంటికొచ్చిన పిన్నిగారు ఒకటి చెబుతారు, జిమ్‌లో ట్రైనర్ ఒకటి చెబుతాడు, వాట్సాప్‌లో గుడ్‌మార్నింగ్ బొమ్మతో పాటు ఇంకొకటి వచ్చిపడుతుంది. ఏం తినాలి, ఏం మానాలి, రోజుకు ఎన్ని అడుగులు వేయాలి, అన్నీ చెబుతారు. రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నావని మాత్రం అడగరు. అడక్కపోగా, కావలసిన టైమంతా ఆ నిద్రలోంచే తియ్యమంటారు.

ఈ సలహాలిచ్చేవాళ్ళు మన మేలు కోరేవాళ్ళే. సలహాలే చెడ్డవి. వాటిలో తరచుగా వినిపించే పదింటిని ఇక్కడ ఒక్కచోట చేర్చి, ఒక్కొక్కటీ ఎందుకు పాటించకూడదో చెబుతున్నాను. అన్నిటి వెనకా ఉన్న పొరపాటు ఒకటే. నిద్ర అంటే కేలరీలు ఖర్చు కాని ఖాళీ సమయం అనుకోవడం. నిజానికి నిద్ర తగ్గితే ఖర్చులో వచ్చే తేడా చాలా కొంచెం. మర్నాడు మనం ఎంత తింటాం, ఒంట్లో కరిగేది కొవ్వా కండా అన్న రెండు విషయాల్లో వచ్చే తేడా పెద్దది.

సలహా 1: "పడుకుంటే ఏం కరుగుతుంది? మేలుకుని ఉండు, కేలరీలు ఖర్చవుతాయి"

వినడానికి సబబుగానే ఉంటుంది. లెక్క వేస్తే నిలవదు. నిద్రలోనూ గుండె కొట్టుకుంటుంది, ఊపిరి ఆడుతుంది, ఒళ్ళు వెచ్చగా ఉంటుంది. కలలొచ్చే దశలో మెదడు దాదాపు మెలకువలో ఉన్నంత చురుగ్గా పనిచేస్తుంది. వీటన్నిటికీ శక్తి కావాలి. 60 కిలోల మనిషి ఎనిమిది గంటలు నిద్రపోతే సుమారు 450 కేలరీలు ఖర్చవుతాయి. అదే మనిషి సోఫాలో కూర్చుని టీవీ చూస్తే గంటకు మహా అయితే ఇంకో 20 కేలరీలు. ఒక మారీ బిస్కెట్ తింటే ఆ గంట జాగారం చెల్లు.

రాత్రంతా మేలుకుంటే? అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయానికి చెందిన కెన్నెత్ రైట్ బృందం దీన్నే కొలిచి 2011లో ప్రచురించింది. మంచం మీదే ఉంచి, నిద్ర మాత్రం పోనివ్వకుండా, పీల్చే ఆక్సిజన్‌నూ వదిలే కార్బన్ డయాక్సైడ్‌నూ బట్టి ఖర్చు లెక్కకట్టారు. ఒక రాత్రి నిద్ర మొత్తం పోగొట్టుకుంటే అదనంగా ఖర్చయింది సుమారు 135 కేలరీలు. అంటే రెండు ఇడ్లీలు, కాస్త చట్నీ. పైగా ఆ తర్వాత నిద్రపోనిచ్చినప్పుడు శరీరం మామూలు కన్నా తక్కువ ఖర్చుపెట్టి, పోయినదాన్ని కూడబెట్టుకోవడం మొదలుపెట్టింది.

అదే విశ్వవిద్యాలయం 2013లో ఇంకో ప్రయోగం ప్రచురించింది. ఈసారి 16 మంది. వాళ్ళున్న గదే ఒక కొలిచే సాధనం. తలుపులు బిగించి, లోపలికి పోయే గాలినీ బయటికొచ్చే గాలినీ నిరంతరం పరీక్షిస్తుంటారు. అయిదు రాత్రులు అయిదు గంటలకు మించి పడుకోనివ్వలేదు. ఖర్చు పెరిగింది, నిజమే, రోజుకు సుమారు 5 శాతం. కావలసినంత తిండి అందుబాటులో ఉంచారు కాబట్టి తిన్నది అంతకు మించిపోయింది. అయిదు రోజుల్లోనే సగటున 800 గ్రాములు పెరిగారు. మేలుకుని సంపాదించిన ఖర్చు కన్నా మేలుకున్నందుకు తిన్నదే ఎక్కువన్నమాట.

సలహా 2: "నిద్ర సంగతి తర్వాత చూద్దాం, తిండి తగ్గించు. మెషీన్ మీద అంకె దిగుతోందా లేదా?"

పదింటిలోనూ ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఎందుకంటే అంకె నిజంగానే దిగుతుంది.

షికాగో విశ్వవిద్యాలయం 2010లో ప్రచురించిన ప్రయోగాన్ని బరువు తగ్గాలనుకునే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. కాస్త అధిక బరువున్న పదిమందిని పరిశోధనశాలలోనే ఉంచి, రెండు వారాల పాటు తిండి తగ్గించి పెట్టారు. అప్పుడు రాత్రికి ఎనిమిదిన్నర గంటలు పడుకోనిచ్చారు. కొన్ని నెలల తర్వాత అదే మనుషులకు మళ్ళీ రెండు వారాలు, మళ్ళీ తగ్గించిన తిండి, ఈసారి పడక అయిదున్నర గంటలే. కొందరికి ముందు ఎక్కువ నిద్ర, కొందరికి ముందు తక్కువ నిద్ర.

రెండు విడతల్లోనూ తగ్గిన బరువు ఒకటే, సుమారు 3 కిలోలు. ఇంట్లో మెషీన్ ఎక్కి చూసుకునేవాళ్ళకు ఏ తేడా కనిపించదు. కానీ ఒంట్లో కొవ్వెంత, కొవ్వు కానిదెంత అని విడదీసి కొలిచేసరికి అసలు సంగతి బయటపడింది. బాగా పడుకున్నప్పుడు పోయిన కొవ్వు 1.4 కిలోలు. తక్కువ పడుకున్నప్పుడు పోయిన కొవ్వు 0.6 కిలోలు మాత్రమే. మిగతాదంతా కండతో సహా కొవ్వు కాని భాగంలోంచి పోయింది: బాగా పడుకున్నప్పుడు 1.5 కిలోలు, నిద్ర కోసుకున్నప్పుడు 2.4 కిలోలు.

అదే మనిషి, అదే కడుపు మాడ్చుకోవడం. ఫలితంలో సగానికి పైగా కొవ్వు నష్టం గల్లంతు. పదిమందితో చేసిన చిన్న ప్రయోగమే, ఒప్పుకుంటాను. అయినా ఒకే మనుషులను రెండు రకాలుగా చూసిన ప్రయోగం కాబట్టి ఆ తేడాను పక్కన పెట్టలేం.

కండ పోతే ఏమవుతుందన్నది నలభై దాటినవాళ్ళకు బాగా తెలుసు. మెట్లెక్కుతుంటే మోకాలి మీద భారం పడుతుంది, బియ్యం బస్తా జరపడం కష్టమవుతుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు శరీరం పెట్టే ఖర్చు కూడా తగ్గుతుంది. డైటింగ్ ఆపగానే పోయిన బరువు తిరిగొస్తే, వచ్చేది ఎక్కువగా కొవ్వే. మూడు నెలలు నోరు కట్టుకుని చివరికి మునుపటి కన్నా నీరసంగా, మునుపటి కన్నా మెత్తగా మిగిలిపోయేవాళ్ళను చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. వాళ్ళ పట్టుదలలో లోపం లేదు. పడుకోమని చెప్పినవాళ్ళు లేరు.

సలహా 3: "నోరు కట్టుకోలేక నిద్ర మీద నెపం పెట్టకు. ఆకలిని మనసుతో గెలవాలి"

ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అని మన సామెత. కంటినిండా నిద్రపోయే మనిషి ఆకలికి అది సరిపోతుంది. నిద్ర చాలని ఆకలి మాత్రం రుచిని ఏరి పట్టుకుంటుంది.

రాత్రి పదకొండున్నర. తొమ్మిదింటికి చపాతీలు తిన్నారు, కడుపు ఖాళీగా ఏం లేదు. ఫోన్‌లో ఒక ఎపిసోడ్ అయింది, రెండోది దానంతటదే మొదలైంది. వంటింట్లో లైటు వేస్తారు. ఫ్రిజ్‌లో దోసకాయ పప్పు ఉంది, పెరుగు ఉంది, పొద్దుటి దానిమ్మ గింజలు డబ్బాలో ఉన్నాయి. చెయ్యి వాటి మీదికి పోదు. పై అరలో ఉన్న జంతికల డబ్బా దిగుతుంది. నిలబడే రెండు, కూర్చున్నాక నాలుగు, మూత పెట్టబోతూ ఇంకో రెండు. 50 గ్రాముల జంతికలంటే దాదాపు 250 కేలరీలు. ఆ తర్వాత నోరు ఎండిపోయి తీపి మీదికి మనసు పోతుంది.

దీన్ని మనసు బలహీనత అనకండి. షికాగోలోనే ఈవ్ వాన్ కాటర్ బృందం 12 మంది ఆరోగ్యంగా ఉన్న యువకుల మీద చేసిన పరిశోధన 2004లో వెలువడింది. రెండు రాత్రులు నాలుగేసి గంటలు, మరో విడత రెండు రాత్రులు పదేసి గంటలు పడకలో ఉంచారు. ఆకలిని కొలిచే రోజున తిండి బదులు అందరికీ ఒకే మోతాదులో గ్లూకోజ్‌ను సెలైన్‌లాగా రక్తంలోకి ఎక్కించారు, తిన్నదాంట్లో తేడా వల్ల ఆకలి మారిందని ఎవరూ అనకుండా. నిద్ర తగ్గినప్పుడు కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ 18 శాతం పడిపోయింది. ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. ఆకలి 24 శాతం ఎక్కువైందని వాళ్ళే చెప్పారు. మనసు ఎక్కువగా పోయింది తీపి మీదికి, ఉప్పూకారం ఉన్న చిరుతిళ్ళ మీదికి, పిండిపదార్థాల మీదికి.

మెదడు స్కానింగ్‌లోనూ ఇదే తేలింది. రాత్రి నిద్ర లేనివాళ్ళకు తిండి బొమ్మలు చూపిస్తే, ఆచితూచి నిర్ణయించే ముందు భాగం మందగించి, కావాలి కావాలి అనే లోపలి భాగం చెలరేగింది. 2011లో న్యూయార్క్‌లో చేసిన మరో ప్రయోగంలో నాలుగు గంటల నిద్రతో ఉన్నవాళ్ళు తొమ్మిది గంటలు పడుకున్న రోజులకన్నా రోజుకు సుమారు 300 కేలరీలు ఎక్కువ తిన్నారు. పగ్గాలు వేయాల్సిన మనసే నిద్ర లేక తూలుతుంటే ఆ మనసుతోనే ఆకలిని గెలవమనడం అన్యాయం.

సలహా 4: "వారమంతా ఎలా గడిచినా ఆదివారం పన్నెండింటిదాకా పడుకుంటే సరిపోతుంది"

ఆదివారం నిద్ర వల్ల ఆ రోజు తల తేలికపడుతుంది. అలసట తీర్చుకోవడం తప్పు కాదు. బాకీ మొత్తం తీరిపోయిందనుకుంటేనే ఇబ్బంది. కొలరాడో బృందమే 2019లో 36 మంది ఆరోగ్యవంతులను మూడు జట్లుగా చేసి చూసింది. ఒక జట్టుకు రోజూ నిండా నిద్ర, ఒక జట్టుకు రోజూ అయిదు గంటలు, మూడో జట్టుకు పని రోజుల్లో అయిదు గంటలు, వారాంతంలో ఇష్టమొచ్చినంత, ఆ తర్వాత మళ్ళీ అయిదు గంటలు. వారాంతంలో మూడో జట్టు రాత్రి చిరుతిళ్ళు తగ్గాయి. సోమవారం రాగానే మళ్ళీ మొదలయ్యాయి. నిద్ర కోసుకున్న రెండు జట్లవాళ్ళూ బరువు పెరిగారు. ఇన్సులిన్‌కు ఒళ్ళు స్పందించే తీరు కూడా ఆ వారాంతపు నిద్రతో బాగుపడలేదు.

మధుమేహం ఇంటింటా కనిపించే మన రాష్ట్రాల్లో ఆ చివరి మాటను గట్టిగా పట్టించుకోవాలి. ఆదివారం మూడు గంటలు ఎక్కువ పడుకునే బదులు ప్రతి రాత్రీ అరగంట ముందుగా దీపం ఆర్పడం మేలు.

సలహా 5: "నాలుగింటికి లేచి నడువు. నిద్రదేముంది, అలవాటైపోతుంది"

రాత్రి తొమ్మిదిన్నరకు పడుకుని నాలుగున్నరకు లేచి కేబీఆర్ పార్కు చుట్టూనో విశాఖ బీచ్ రోడ్డు మీదో నడిచేవారికి నా నమస్కారం. వాళ్ళు ఏ మార్పూ చేసుకోనక్కర్లేదు. ఈ మాట పదకొండున్నరకు పడుకునేవాళ్ళ కోసం.

60 కిలోల మనిషి గంటసేపు చురుగ్గా నడిస్తే 200 కేలరీల పైచిలుకు ఖర్చవుతాయి. ఆ గంట పడుకున్నా 55, 60 ఎలాగూ ఖర్చయ్యేవి. మిగిలిన లాభం 150. దానికోసం నిద్రను అయిదు గంటలకు దించుకుంటే ఏమవుతుందో పైన చూశాం. నడక మానెయ్యమని అనడం లేదు. నడకకు గంట కావాలంటే టీవీలోంచి తియ్యండి, ఫోన్‌లోంచి తియ్యండి, నిద్రలోంచి తియ్యకండి. సాయంత్రం నడిచినా, భోజనమయ్యాక వీధిలో నాలుగు చుట్లు తిరిగినా ఒంటికి మేలే.

ఈ సలహా అందరికన్నా ఎక్కువ కొట్టేది ఇంటి ఇల్లాలిని. రాత్రి అందరూ తిన్నాక గిన్నెలు సర్ది, ఇడ్లీ పిండి రుబ్బి మూత పెట్టి, పిల్లాడి యూనిఫాం చూసుకునేసరికి పదకొండు దాటుతుంది. పొద్దున స్కూల్ బస్సుకు ముందు టిఫిను, క్యారేజీలు అవ్వాలంటే అయిదింటికి లేవాలి. ఆవిడ "ఒళ్ళు వచ్చేసింది" అంటే, ఇంకో గంట ముందు లేచి వాకింగ్‌కి వెళ్ళమని ఇంట్లోవాళ్ళు చెబుతారు. ఆవిడకు కావలసింది నాలుగింటి అలారం కాదు. ఆ క్యారేజీలు కట్టే పనిలో సగం ఇంకొకరు పంచుకోవడం.

సలహా 6: "ఇది తాగి పడుకో, ఏసీ బాగా పెట్టుకో, నిద్రలోనే కొవ్వు కరిగిపోతుంది"

జీలకర్ర నీళ్ళు, దాల్చినచెక్క నీళ్ళు, నిమ్మరసంలో తేనె. ఇవి తాగితే తాగండి. వీటిలో ఏదీ నిద్రలో కొవ్వు కరిగించదు. తేనె వేస్తే దాని కేలరీలు దానికుంటాయి. రాత్రి గ్రీన్ టీ తాగితే అందులోని కెఫీన్ ఉన్న నిద్రను చెడగొడుతుంది.

మరి పొద్దున్నే అరకిలో తక్కువ చూపిస్తోందే అంటారు. అది ఎక్కువగా నీరు. రాత్రంతా ఊపిరిలో ఆవిరిగా, చర్మం మీద చెమటగా పోయిన నీరు, లేవగానే బాత్రూంలో పోయిన నీరు. రెండు గ్లాసులు తాగితే తిరిగొస్తుంది. నిజంగా కరిగిన కొవ్వు బయటికి పోయే దారి చాలామందికి తెలియదు. 2014లో ఇద్దరు ఆస్ట్రేలియా పరిశోధకులు లెక్కకట్టి చూపారు: 10 కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చయితే 8.4 కిలోలు ఊపిరితిత్తుల గుండా కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది, 1.6 కిలోలు నీరుగా మారుతుంది. అయితే గట్టిగా ఊపిరి వదిలినంత మాత్రాన కరగదు. తిన్నదానికన్నా ఖర్చు ఎక్కువైనప్పుడే కరుగుతుంది.

ఏసీ మాటకూ ఒక మూలం ఉంది. వేడి పుట్టించే గోధుమరంగు కొవ్వు ఒకటి ఒంట్లో కొద్దిగా ఉంటుంది. అమెరికాలో అయిదుగురు యువకులను నెలరోజులు 19 డిగ్రీల గదిలో పడుకోబెడితే ఆ కొవ్వు పెరిగింది, 2014లో ప్రచురించారు. బరువు మాత్రం తగ్గలేదు. మే నెల బెజవాడ ఎండల్లో గది చల్లగా ఉంటే నిద్ర బాగా పడుతుంది. ఏసీకి ఆ కారణం చాలు. 18లో పెట్టి వణకనక్కర్లేదు.

సలహా 7: "గురక పెడుతున్నాడంటే గాఢనిద్రలో ఉన్నట్టే, లేపకు"

ఈ ఒక్కదాని విషయంలో ఆలస్యం చేయకండి. గట్టిగా గురక పెట్టి, ఉన్నట్టుండి నిశ్శబ్దమై, కొన్ని సెకన్ల తర్వాత ఉక్కిరిబిక్కిరవుతూ మళ్ళీ ఊపిరి అందుకుంటుంటే అది గాఢనిద్ర కాదు. గొంతులో దారి మూసుకుపోయి ఊపిరి ఆగిపోతోంది. స్లీప్ ఆప్నియా అంటారు. అలా ఆగినప్పుడల్లా మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. పొద్దున్న ఆ మనిషికి ఏదీ గుర్తుండదు. ఎనిమిది గంటలు పడుకున్నానంటాడు, ఆఫీసులో కునుకుతాడు, బండి నడుపుతూ కన్ను మూస్తాడు.

దీనికీ బరువుకూ రెండు వైపులా లంకె. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో దాదాపు 700 మందిని ఏళ్ళ తరబడి గమనించి 2000లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, నాలుగేళ్ళలో బరువు 10 శాతం పెరిగినవాళ్ళకు ఓ మోస్తరు లేదా తీవ్రమైన ఆప్నియా వచ్చే అవకాశం ఆరు రెట్లు. 10 శాతం తగ్గితే ఊపిరి ఆగడం దాదాపు నాలుగోవంతు తగ్గుతుంది. పగలంతా మత్తుగా ఉన్న మనిషికి కదలబుద్ధి కాదు, బరువు ఇంకా పెరుగుతుంది.

స్లీప్ స్టడీ అనే పరీక్ష చేస్తారు, ఇప్పుడు కొన్నిచోట్ల ఇంట్లోనే పడుకుని చేయించుకోవచ్చు. అవసరమైతే సీపాప్ అనే మాస్కు యంత్రం ఇస్తారు. 1981 నుంచీ వాడుకలో ఉన్న చికిత్స ఇది. యంత్రం పెట్టుకుంటే ఊపిరి, బీపీ, పగటి మత్తు బాగుపడతాయి. బరువు మాత్రం దానంతటది తగ్గదు, దాని పని విడిగా చేసుకోవాలి. పక్కన పడుకునేవాళ్ళే దీన్ని ముందుగా పట్టుకోగలరు. రెండు రాత్రులు గమనించి, ఫోన్‌లో వీడియో తీసి డాక్టరుకు చూపించండి.

సలహా 8: "నైట్ షిఫ్టే కదా, పగలు పడుకుంటే అదే లెక్క"

మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో అమెరికా వేళలకు పనిచేసేవాళ్ళు, ఆసుపత్రి నర్సులు, రాత్రి బస్సు డ్రైవర్లు, జీడిమెట్ల, పరవాడ మందుల ఫ్యాక్టరీల్లో షిఫ్టులు మారేవాళ్ళు ఎందరో ఈ మాట నమ్మి బతుకుతున్నారు. ఒంట్లోని గడియారం సూర్యుణ్ణి చూసి నడుస్తుంది, హాజరు పట్టీని చూసి కాదు. 2014లో కొలరాడోలో 14 మందిని నైట్ షిఫ్ట్ పద్ధతిలో ఉంచి కొలిస్తే రెండో, మూడో రోజుల్లో మొత్తం కేలరీల ఖర్చు సుమారు 3 శాతం తగ్గింది. తిండి అదే, ఖర్చు తక్కువ.

తినే వేళ కూడా తోడవుతుంది. బోస్టన్‌లో 16 మంది మీద చేసి 2022లో ప్రచురించిన ప్రయోగంలో అదే తిండిని నాలుగు గంటలు ఆలస్యంగా పెట్టారు. ఆకలి పెరిగింది, మెలకువలో ఖర్చు తగ్గింది. రాత్రి రెండింటికి క్యాంటీన్లో బిర్యానీ తినే కుర్రాడికి రెండు దెబ్బలూ ఒకేసారి తగులుతున్నాయి.

ఉద్యోగం మానలేరు. కాబట్టి చేయగలిగింది చేయండి. పెద్ద భోజనం షిఫ్టుకు ముందే ముగించండి, అర్ధరాత్రి తేలికగా పెరుగన్నమో పండో చాలు. టీ కాఫీలు షిఫ్టు మొదటి సగంలోనే ఆపండి. ఇంటికొచ్చాక మందపాటి కర్టెన్లు వేసి, ఫోన్ వేరే గదిలో పెట్టి, రోజూ ఒకే వేళకు పడుకోండి. ఇంట్లోవాళ్ళకు ఒక మనవి. పగలు పడుకున్న మనిషిని గ్యాస్ బండ వచ్చిందని, కొరియర్ వచ్చిందని లేపకండి. అర్ధరాత్రి మిమ్మల్ని లేపితే ఎలా ఉంటుందో అతనికీ అలాగే ఉంటుంది.

సలహా 9: "పరీక్షలయ్యాక పడుకోవచ్చు, ఇప్పుడు చదువు"

అమెరికా నిద్ర వైద్యుల సంఘం ప్రమాణం ప్రకారం 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ళవాళ్ళకు 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలి. మన ఇంటర్ హాస్టళ్ళలో చాలాచోట్ల రాత్రి స్టడీ అవర్ పదిన్నర, పదకొండు దాకా, పొద్దున బెల్లు అయిదింటికి. తక్కువ నిద్రపోయే పిల్లలు ఊబకాయం వైపు ఎక్కువగా పోతున్నారని ఎన్నో దేశాల పరిశీలనలు చెప్పాయి. పిల్లాడు సెలవులకు ఇంటికొస్తే "హాస్టల్ తిండికి లావయ్యాడు" అంటారు. తిండిని తిట్టే ముందు ఆ బెల్లు వేళ కూడా అడగండి. చదివింది జ్ఞాపకంలో నిలిచేది కూడా నిద్రలోనే. కాలేజీలో చేర్పించేటప్పుడు ర్యాంకుల బోర్డు చూసినంత శ్రద్ధగా టైంటేబుల్ చూసి, ఏడు గంటలైనా పడుకోనివ్వని చోట ప్రశ్నించండి.

సలహా 10: "అయితే నిద్రపోతే చాలన్నమాట, బరువు దానంతటదే తగ్గుతుంది"

పై తొమ్మిదీ చదివి ఈ మాట అనుకుంటే అదీ తప్పే. షికాగోలో 2022లో వచ్చిన ఫలితం దీన్ని స్పష్టం చేస్తుంది. ఆరున్నర గంటల లోపు పడుకునే, అధిక బరువున్న 80 మందిని తీసుకుని, సగం మందికి నిద్ర ఎలా పెంచుకోవాలో కూర్చోబెట్టి చెప్పారు. ఏం తినాలో ఎవరికీ చెప్పలేదు. ఎవరింట్లో వాళ్ళే, ఎవరి మంచం మీద వాళ్ళే. ఆ సగం మందికి నిద్ర రోజుకు గంటా పది నిమిషాలు పెరిగింది. రెండు వారాల్లో వాళ్ళ తిండి, మిగతావారితో పోలిస్తే, రోజుకు సుమారు 270 కేలరీలు తగ్గింది. ఖర్చులో చెప్పుకోదగ్గ మార్పు లేదు.

అంటే నిద్ర పనిచేసింది ఆకలి మీద. ఇప్పటికే ఎనిమిది గంటలు పడుకునేవాళ్ళు పదికి పెంచితే సన్నబడరు. విపరీతంగా నిద్ర వస్తుంటే ఒంట్లో ఏదో జబ్బు ఉందేమో చూపించుకోవాలి. అన్నం ఎంత పెట్టుకుంటున్నాం, కూర ఎంత, పప్పు, గుడ్డు ఎంత, రోజుకు ఎంత కదులుతున్నాం అన్నవి నిద్రతో పాటు ఉండాల్సిందే. నిద్ర ఉంటే అవి పాటించడం మనిషికి సాధ్యమవుతుంది.

మరి ఏం చేయాలి?

పెద్దవాళ్ళకు రాత్రికి ఏడు గంటలకు తగ్గకూడదు. పడుకునే వేళ కన్నా ముందు లేచే వేళను స్థిరం చేసుకోండి, ఆదివారమైనా సరే. కాఫీలోని కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది కాబట్టి మధ్యాహ్నం భోజనం తర్వాతి కప్పే ఆఖరిది కావాలి. రాత్రి భోజనానికీ పడకకూ మధ్య రెండు మూడు గంటలు ఉండాలి. మద్యం తాగితే నిద్ర త్వరగా పట్టినట్టే ఉండి రాత్రి రెండో సగంలో చెడుతుంది, దాన్ని నిద్రమందు అనుకోకండి. చీటీ లేకుండా మందుల షాపులో నిద్రమాత్రలు కొనకండి. వారానికి మూడు రాత్రులైనా నిద్రపట్టక, అలా మూడు నెలలు గడిస్తే డాక్టరును కలవండి. దీనికి మాత్రల కన్నా ముందు ఇవ్వాల్సిన మానసిక చికిత్స ఉంది, అది పనిచేస్తుందని రుజువైంది.

డైట్ చార్టు రాసి ఇచ్చే ట్రైనర్లకూ న్యూట్రిషనిస్టులకూ డాక్టర్లకూ నాదొక గట్టి విన్నపం. బరువు, ఎత్తు, నడుం కొలత రాసుకునే కాగితం మీద ఇంకొక్క గీత గీసి, నిన్న రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారో అడిగి రాసుకోండి. జవాబు అయిదు అని వస్తే అన్నం కప్పుల లెక్క కాసేపు పక్కన పెట్టి, ఆ మనిషికి ఇంకో రెండు గంటలు ఎక్కడినుంచి తేవాలో ఇద్దరూ కూర్చుని ఆలోచించండి. ఆ రెండు గంటలు దొరికితే మీరు రాసే చార్టు పాటించే ఓపిక అతనికి వస్తుంది. తగ్గిన ప్రతి కిలోలో కొవ్వు పాలు కూడా పెరుగుతుంది.